వెనక ఎవరు చూస్తారు?

ఆమెకు అసలు పేరొకటి ఉందన్న సంగతి స్టూడియోలో హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె క్లిప్పులక్క. పద్నాలుగేళ్ళుగా ఆమె చేసే పని ఒక్కటే. బట్టల కంపెనీ ఫోటోల కోసం పంపే నమూనాలు ఒకే సైజులో వస్తాయి. వాటిని తొడుక్కునే మనుషులు మాత్రం దేవుడు తనకు తోచినట్టు చేసిన సైజుల్లో వస్తారు. ఈ రెంటికీ మధ్య మిగిలిపోయిన బట్టనంతా వీపు వెనక్కి పోగేసి, పళ్ళున్న చిన్న స్టీలు క్లిప్పులతో బిగించి, ముందునుంచి చూస్తే అచ్చం ఆ మనిషి కోసమే కుట్టినట్టు కనిపించేలా చేయడం ఆమె విద్య. ఆ బొమ్మల్ని ఫోన్లలో, బస్టాపు బోర్డుల మీద చూసి జనం అదే చొక్కా కొంటారు. ఇంటికి తెచ్చి తొడుక్కుని, అద్దంలో చూసుకుని, తప్పంతా తమ ఒంటిదే అనుకుంటారు. పైన పటారం, లోన లొటారం అంటారే, ఆ లొటారం బయటపడకుండా చూసే ఉద్యోగం ఆమెది.

ఈ పని వల్ల ఆమెకు రెండు అలవాట్లు పట్టుకున్నాయి. ఏ బొమ్మ కనిపించినా వెనక ఎన్ని క్లిప్పులున్నాయో ముందునుంచే చెప్పేస్తుంది. గుండీల దగ్గర బట్ట ఎటు లాగుతోంది, చంక కింద ముడత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, అంతే, చాలు. బస్సులో వెళ్తూ బోర్డులన్నీ 'ఆరు, తొమ్మిది, ఏడు' అని లెక్కేసుకుంటుంది. రెండో అలవాటు, పూటపూటా క్లిప్పులు లెక్కపెట్టుకోవడం. ఒకప్పుడు ఒక గౌనులో మరిచిపోయిన క్లిప్పు ఎవరి పాపకో గుచ్చుకుని పెద్ద రాద్ధాంతం అయింది. అప్పట్నుంచీ బిస్కెట్ల డబ్బాలో అరవై ఉంటేనే చెప్పులేసుకుంటుంది. డబ్బా కూడా స్టూడియోలో వదలదు, సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటుంది.

ఆ సోమవారం పొద్దున లెక్క నలభై తొమ్మిది దగ్గర ఆగింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ నలభై తొమ్మిదే.

పక్క గదిలో బట్టలకు ఆవిరి పట్టే ఇస్త్రీ వదినను అడిగింది. "వదినా, నా క్లిప్పులేమైనా నీ బట్టల్లో వచ్చాయా?"

"నీ ఇనుము నేనేం చేసుకుంటానమ్మా, చెవులకు పెట్టుకోనా?"

"ఊరికే అడిగాను."

"ఊరికే అడిగే మొహమా అది? దొంగని చూసినట్టు చూస్తుంటేను."

మాటా మాటా పెరిగింది. ఇద్దరూ మూడు రోజులు మూతులు ముడుచుకుని తిరిగారు. ఇద్దరూ ఒకే స్టౌ మీద టీ పెట్టుకోవాలి కాబట్టి అది చాలా ఇబ్బందైన కోపం.

ఇంటికి వెళ్తే అక్కడ ముడుచుకున్న మూతి ఇంకొకటి. బ్యాటరీల కొట్టు మీద రెండు గదుల ఇల్లు. లారీ నడిపే మొగుడు నెలకు పది రోజులు కనిపిస్తే గొప్ప. మిగతా ఇరవై రోజులూ ఆ రెండు గదుల్లో ఆమె, పదిహేనేళ్ళ కూతురు గువ్వ. చిన్నప్పుడు ఒళ్ళోనే ముడుచుకుని పడుకునేదని ఆ ముద్దుపేరు. ఇప్పుడు ఒళ్ళోకి కాదు కదా, దగ్గరికే రాదు. రెండు నెలలుగా మరీనూ. గోడకు వీపు ఆనించీ ఆనించనట్టు నిలబడుతుంది. కుర్చీ అంచున కూర్చుంటుంది. నాలుగు ముద్దలు తిని కంచం పక్కకు నెడుతుంది.

"ఇంత ఉక్కలో ఆ స్వెట్టరేంటే?"

"చలేస్తోంది."

"గోడలకు చెమట పడుతుంటే నీకు చలా?"

"నా చలి నాది."

ఆపై ఫోను. అందులో ఒకరి తర్వాత ఒకరు అమ్మాయిలు వచ్చి నవ్వి వెళ్తుంటారు. అందరికీ ఒకే నడుం, ఒకే చెంప, ఒకే అచ్చులో పోసినట్టు. గువ్వ బొటనవేలు పైకి తోస్తూనే ఉంటుంది. భుజం మీదుగా చూసి తల్లి 'ఎనిమిది, పది' అనుకుంటుంది. అనుకుంటూనే కునుకు పడుతుంది. రోజంతా నిలబడి వచ్చిన కాళ్ళు, వంగి వంగి నొప్పెట్టే మెడ, ఆమెకు మాత్రం ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? పిల్ల ఎదుగుతోంది, ఈ వయసులో అందరూ ఇంతేలే అని సరిపెట్టుకుంది. అలసిపోయిన తల్లికి అంతకంటే అనువైన మాట దొరకదు.

"శనివారం కాదు, ఆపై శనివారం మా క్లాసు ఫోటో" అంది గువ్వ ఓ సాయంత్రం.

"మంచిదేగా."

"చివరి వరుసలో నిలబెడితేనే వెళ్తా. ఫోటోకి స్వెట్టర్లు తీసేయమంటారు."

"పొట్టిదానివి. చివర నిలబడితే నీ పాపిడి తప్ప ఏం పడుతుంది?"

"అదే కావాలి నాకు."

తల్లి నవ్వింది. హాస్యమనుకుంది.

గురువారం ఆమెకు సెలవు. బట్టలుతుకుతూ గువ్వ స్కూలు చొక్కా తిరగేసింది. వీపు మీద, నడిమధ్యన, పైనుంచి కిందికి చిన్న చిన్న గాట్లు. జతలు జతలుగా, ఒక్కో వైపు నాలుగేసి చుక్కలు. ఇంకో తల్లయితే ఎలుక కొరికిందనుకునేది. పద్నాలుగేళ్ళుగా ఆ పళ్ళతోనే బతుకుతున్న మనిషికి ఆ అవకాశం కూడా లేదు. సబ్బు నురగ చేతుల్తోనే బకెట్ పక్కన కూలబడింది. ముందు గుర్తొచ్చింది ఇస్త్రీ వదినే. పాపం, ఆవిడను అనవసరంగా అనుమానించింది.

సాయంత్రం గువ్వ వచ్చి సంచి దింపగానే అడిగింది. "వెనక్కి తిరుగు."

"ఎందుకు?"

"తిరగవే!"

స్వెట్టరు ఎత్తి చూసింది. మెడ కింది నుంచి నడుం దాకా చొక్కా మీద పదకొండు క్లిప్పులు, వెన్నెముక వెంబడి ఒకే గీతలో ఉన్నాయి. చెప్పుకుంటే సిగ్గు గానీ, ఆమెకు ముందుగా కలిగింది మెచ్చుకోలు. అద్దంలో చూసుకుంటూ, తన వీపు మీద తానే, చేతులు వెనక్కి విరుచుకుని ఇంత తిన్నగా పెట్టడం స్టూడియోలో ఎవరివల్లా కాదు. ఆ తర్వాత భుజాల మధ్య కాలరు కాస్త దించి చూసింది. బెంచీకి ఆనుకున్నప్పుడు నొక్కుకున్న చోట్ల కమిలిపోయి ఉంది. ఒకటి నల్లబడింది. 

"ఎన్నాళ్ళ నుంచే?"

"రెండు నెలలు. ముందు జడ క్లిప్పులు పెట్టుకునేదాన్ని. జారిపోతున్నాయి. అందుకే ఆదివారం నీ డబ్బాలోంచి తీసుకున్నా."

"నొప్పి లేదా?"

"ఉంటుంది. మందు రాసుకుంటున్నా." జేబులోంచి చిన్న మందు డబ్బా తీసి చూపించింది, అదేదో గొప్ప జాగ్రత్త అయినట్టు.

"ఏం తక్కువైందే నీకు? చొక్కా కాస్త వదులైతే మునిగిపోయిందా? పెరిగే పిల్లవని పెద్దది కొన్నాను."

"నీకు తెలీదమ్మా. మా క్లాసులో అబ్బాయిలు మా ఫోటోలకి పదికి ఇన్నని మార్కులు వేస్తారు. అందరి ఫోన్లకీ వస్తాయవి. నాకు నాలుగు."

"ఎవడే వాడు? పేరు చెప్పు."

"ఒకడైతే చెప్పేదాన్ని."

"ముందు అవి తీసెయ్. ఈ దిక్కుమాలిన తెలివి ఎవరు నేర్పారే నీకు?"

గువ్వ గోడ వైపు చెయ్యి చూపించింది. అక్కడ ఫ్రేములో ఆరేళ్ళ గువ్వ, పళ్ళూడిన నవ్వుతో, అతికినట్టు సరిపోయిన ఎర్ర గౌనులో ఉంది. మొదటి స్కూలు ఫోటో. రెండేళ్ళైనా పనికొస్తుందని కొన్న గౌను పిల్ల ఒంటి మీద దుప్పటిలా వేలాడుతుంటే, తల్లి ఆ పూట బడికి వెళ్ళి స్వయంగా అయిదు క్లిప్పులు పెట్టింది. పిల్ల గుచ్చుకుంటోందని మూలిగితే బుగ్గ గిల్లింది కూడా.

"'నవ్వవే, వెనక ఎవరు చూస్తారు' అన్నావు" అంది గువ్వ. గొంతులో నిష్ఠూరం లేదు. నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "లాక్కున్నావంటే రేపట్నుంచి స్కూలుకే వెళ్ళను."

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? ఆమె లాక్కోలేదు. అంత గొడవ పడే ఓపిక లేక కొంత, అడిగే మొహం లేక కొంత. ఆ రాత్రి తానూ నాలుగు ముద్దలే తింది.

శుక్రవారం స్టూడియోలో ఇస్త్రీ వదినకు టీ తానే కలిపి ఇచ్చి, తప్పయిందని చెప్పింది. "క్లిప్పులు దొరికాయా?" అందావిడ. "దొరికాయి" అంది. ఎక్కడని ఆవిడ అడగలేదు, అదే పదివేలు.

ఆ టీ తాగుతుండగానే ఆమెకు ఉపాయం తట్టింది. ఆదివారం షూటింగుకు సబ్బు పిల్ల వస్తోంది. సబ్బు ప్రకటనలో నవ్వే పదహారేళ్ళ అమ్మాయి. ఆమె బోర్డు గువ్వ బస్సెక్కే చోటే ఉంది. రోజూ పొద్దున్నే పావుగంట దాన్ని చూస్తూ నిలబడుతుంది గువ్వ. ఆ అమ్మాయి వీపు ఒక్కసారి చూపిస్తే చాలు, భ్రమంతా వదిలిపోతుందనుకుంది. నిజం చూస్తే మనిషి మారతాడని నమ్మే వాళ్ళు లోకంలో ఇంకా ఉన్నారు.

ఆదివారం గువ్వ వచ్చింది, స్వెట్టరుతో సహా. స్టూడియో అంటే పెద్ద తెల్ల గోడ, నాలుగు లైట్లు, ఒక మూల ఇస్త్రీ బల్ల, ఒక మూల విరిగిన సోఫా. పడుచు పిల్లల చొక్కాల కోసం ఫోటోలు. అయిదుగురు అమ్మాయిలు వరుసలో ఉన్నారు. సబ్బు పిల్ల దగ్గర నుంచి చూస్తే గువ్వ కంటే కాస్త పొడుగు, అంతే. ఆవలిస్తోంది. క్లిప్పులక్క ఆ అమ్మాయికి పద్నాలుగు క్లిప్పులు పెట్టి, భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పి, గోడ దగ్గర నిలబడ్డ కూతురితో "చూడు" అంది.

గువ్వ చూసింది. చాలాసేపు చూసింది. తల్లి దాని మొహంలో నవ్వు కోసం వెతికింది.

"ఆమెకే పద్నాలుగు కావాల్సొస్తే" అంది గువ్వ మెల్లిగా, "నాకు పదకొండు ఏం సరిపోతాయమ్మా?"

 లైట్ల వేడికి తల్లి కళ్ళలోకి చెమట కారింది, తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చానా అని భయపడింది.

మధ్యాహ్నం అరగంట విరామం. మళ్ళీ పెట్టే తీరిక ఉండదని క్లిప్పులు విప్పరు, అది స్టూడియో పద్ధతి. సబ్బు పిల్ల స్టూలు మీద, ఆనుకోకుండా, నిటారుగా కూర్చుంది. భోజనం డబ్బా మూత కూడా తీయలేదు. ఎదురుగా ఇంకో స్టూలు మీద గువ్వ, అచ్చం అలాగే కూర్చుంది. ఒకరి కూర్చోవడం ఒకరు చూసుకున్నారు.

"నువ్వూ పెట్టుకున్నావా?" అంది సబ్బు పిల్ల.

గువ్వ తలూపింది.

"ఇక్కడ మండుతోంది. గాటు పడిందేమో చూస్తావా?" భుజాల మధ్య వేలు పెట్టి చూపించింది. గువ్వ లేచి, కాలరు కాస్త దించి చూసి, జేబులోంచి మందు డబ్బా తీసింది. ఎక్కడ రాయాలో అడగలేదు. ఎక్కడ ఎక్కువ కములుతుందో దానికి తెలుసు. గుడ్డల కుప్ప వెనక నిలబడ్డ తల్లి అదంతా చూసింది. ముందుకు మాత్రం వెళ్ళలేదు.

"మీ అమ్మ నయం" అంటోంది సబ్బు పిల్ల. "వేరే చోట్ల తోలు కూడా కలిపి పట్టేస్తారు."

"మా బస్టాపులో నీ బోర్డు ఉంది. రోజూ చూస్తా."

"మా వీధి మలుపులోనూ ఉంది." ఆ అమ్మాయి మూత తీయని డబ్బాను ఒళ్ళో అటూ ఇటూ తిప్పింది. "నేను వెనక సందులోంచి చుట్టూ తిరిగి పోతా. దాని పక్కనుంచి నడవాలంటే సిగ్గు. దాన్నీ నన్నూ పోల్చి చూస్తారేమోనని."

గువ్వ చేతిలో మందు అలాగే ఆగిపోయింది. "అది నువ్వే కదా?"

"మొహం నాదే. మిగతాదంతా కంప్యూటర్లో చేశారు. దానిలా అవుదామని పోయినేడంతా రాత్రిళ్ళు తిండి మానేశా, కాలేదు."

విరామం అయిపోయింది. కెమెరా మాస్టారు, పదిహేనేళ్ళుగా అదే టోపీ పెట్టుకునే పెద్దాయన, కెమెరా కంట్లోంచి చూసి నాలుక చప్పరించాడు. "అక్కా, ఈ అమ్మాయికి నడుం దగ్గర ఇంకో రెండు లాగు."

క్లిప్పులక్క డబ్బాలో చెయ్యి పెట్టింది. ఖాళీ. మిగిలినవన్నీ వరుసలో సిద్ధంగా నిలబడ్డ మిగతా నలుగురి వీపుల మీదున్నాయి.

"లేవు మాస్టారూ."

"అదేంటి, నీ దగ్గర అరవై ఉండాలిగా?"

మిగతా పదకొండూ ఎక్కడున్నాయో ఆ గదిలో ఇద్దరికే తెలుసు. గోడ దగ్గర గువ్వ చెయ్యి నెమ్మదిగా స్వెట్టరు కిందికి, వీపు వైపు వెళ్ళింది. తల్లి దాని కళ్ళలోకి చూసి, వద్దని తల అడ్డంగా ఊపింది. పిల్ల ఒంటి మీదివి తీసి ఇంకో పిల్ల ఒంటికి బిగించడమా? పద్నాలుగేళ్ళలో ఆ పెద్దాయన మాటకు ఎదురు చెప్పడం ఆమెకు అదే మొదలు. 

"ఉండేవి. ఇప్పుడు లేవు. ఉన్నా లాగను, పిల్ల వీపు కమిలింది."

అందరూ ఒక్క క్షణం ఆమె వైపు చూశారు. ఆకాశం విరిగి పడుతుందనుకుంది. మాస్టారు టోపీ సర్దుకున్నాడు, అంతే. "సరేలే, కంప్యూటర్లో లాగేస్తారు" అని బటన్ నొక్కాడు. లైటు వెలిగింది, ఆరింది. సబ్బు పిల్ల నవ్వాల్సిన చోట నవ్వింది.

తిరుగు బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీటు దొరికింది. ఆమెకు చచ్చేంత నీరసంగా ఉంది. ఎదిరించి సాధించిందేమిటో కూడా తెలియడం లేదు. పక్కన గువ్వ ఒక చెయ్యి వెనక్కి పోనిచ్చి ఏదో తడుముకుంటోంది. కాసేపటికి తల్లి ఒళ్ళో ఒక క్లిప్పు పడింది, ఇంకా వెచ్చగా ఉంది. తర్వాత రెండోది. కిటికీలోంచి బయటికి చూస్తూనే ఒక్కొక్కటే తీసి పెట్టింది. తొమ్మిది.

"ఇంకో రెండు?"

"ఫోటో అయ్యాక ఇస్తా" అంటూ గువ్వ ఆ రెంటినీ తీసి జేబులో వేసుకుంది.

తల్లి వచ్చినవాటిని సంచిలోని డబ్బాలో వేసింది. తొమ్మిది వచ్చాయి, చాలు. రెండు నెలల తర్వాత గువ్వ మొదటిసారి సీటుకు పూర్తిగా వీపు ఆనించింది. మూడో స్టాపు రాకముందే తల్లి భుజం మీద నిద్రపోయింది. ఆమె కదలకుండా కూర్చుంది, భుజం తిమ్మిరెక్కినా కదల్లేదు. ఏడుపొస్తే ఆపుకోలేదు, బస్సులో ఎవరు చూస్తారులే అనుకుంది.

ఫోటో తీసిన పది రోజులకు గువ్వ దాన్ని అట్టకవరులో తెచ్చి వంటగది గట్టు మీద పెట్టింది. తాను గోడకు చేరబడి నిలబడింది, నిజంగానే చేరబడి. తల్లి చేతులు తుడుచుకుని ఫోటో తీసింది.

గువ్వ రెండో వరుసలో ఉంది, చివర్లో కాదు. చొక్కా వదులుగా ఉంది. గుండీల దగ్గర లాగుడు లేదు, చంక కింద ముడత తనంతట తాను పడి తనంతట తాను ఆగింది. ఒక్క క్లిప్పు కూడా లేదు. ఆమె గుండెల్లోంచి పెద్ద బరువు దిగింది. 'నా తల్లే' అని పైకే అంది.

అలవాటైన కన్ను ఊరుకోదు కదా, పక్కకు జరిగింది. గువ్వ పక్కనున్న పిల్ల, రెండు. ఆ పక్క పిల్ల, అయిదు. వెనక వరుసలో పొడుగు జడ పిల్ల, ఏడు, పైగా వంకరగా. ఆమె కళ్ళజోడు తెచ్చుకుని మళ్ళీ మొదట్నుంచి చూసింది. పందొమ్మిది మంది ఆడపిల్లలు. అందులో తొమ్మిది మంది చొక్కాలు ముందునుంచి అతికినట్టున్నాయి.

"గువ్వా, ఏంటే ఇది?"

గువ్వ నేల చూస్తూ చెప్పింది. "నేనే నేర్పా. జడ క్లిప్పులతో, అప్పట్లో. చొక్కా నాకెలా కుదిరిందని అడిగితే చూపించా. ఇప్పుడు వద్దే, కములుతుందే అంటే ఎవరూ వినట్లేదు."

"ఆ రెండు క్లిప్పులు?"

"నా పక్కన ఉంది చూడు, దానికి. ముందే మాటిచ్చేశా. పదికి దానికి రెండే వేశారమ్మా. రోజంతా బాత్రూంలో కూర్చుని ఏడ్చింది. ఇంకా తిరిగివ్వలేదు."

తల్లి ఫోటో గట్టు మీద పెట్టి ముక్కాలి పీట మీద కూర్చుంది. చేతిలో తువ్వాలు అలాగే ఉంది. కూతురు తనదగ్గర నేర్చింది, వాళ్ళు కూతురి దగ్గర నేర్చారు. రేపు వాళ్ళ దగ్గర ఇంకెందరు నేర్చుకుంటారో లెక్క తేలే పని కాదు. రేపు పొద్దున్నే తానూ మళ్ళీ స్టూడియోకు వెళ్ళాలి, డబ్బా మూత తీయాలి. తిట్టుకుందామన్నా ఎవర్ని తిట్టుకోవాలో తెలియనంత అలసటగా ఉంది.

"ఆదివారం ఆ తొమ్మిది మందినీ ఇంటికి రమ్మను" అంది చివరికి.

"తిడతావా?"

"తిట్టే ఓపిక ఎక్కడుందే. వీపులు చూడాలి." చేతిలో తువ్వాలు మడిచి మళ్ళీ అంది. "నీ దగ్గరున్న మందు సరిపోదు. రేపు స్కూలు నుంచి వచ్చేటప్పుడు ఇంకో రెండు డబ్బాలు తీసుకురా."